గంటల్లో పెరిగే అడవి

2014లో వచ్చిన 'ఫార్మింగ్ సిమ్యులేటర్ 15' అనే కంప్యూటరు ఆటలో సేద్యంతోపాటు అడవిపనిని కూడా చేర్చారు. చెట్టు కూల్చడం, కొమ్మలు కొట్టడం, దుంగలను బండికెక్కించి అమ్మడం, తిరిగి మొక్కలు నాటడం. ఆడేవారిలో రెండు పక్షాలు కనిపిస్తాయి. దుంగలు జారిపోతాయి, ఎక్కించేసరికి విసుగెత్తుతుందని ఒక పక్షం. ఆ నెమ్మదిలోనే మనసుకు విశ్రాంతి ఉన్నదని రెండవ పక్షం. నేను రెండవ పక్షమే. కలపపని కష్టమని తెలియడం మంచిదే కదా!

నా ఆక్షేపణ వేరు. నాటిన మొక్క కొద్ది గంటల్లోనే మానవుతుంది! మా భవానీపురం నుండి ఇబ్రహీంపట్నం దాటితే కొండపల్లి. అక్కడి బొమ్మలకు ప్రాణం తెల్లపొణికి కఱ్ఱ. చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకులు వేయవచ్చును, రంగులు మార్చవచ్చును. ఆ తేలికైన కఱ్ఱకు మాత్రం సాటి లేదు. అది చుట్టుపట్ల కొండల్లో కరవై బొమ్మలు చేసేవారు ఏళ్ళుగా ఇబ్బంది పడుతున్నారు. నరకడం ఒక పూట, పెరగడం ఏళ్ళ తరబడి.

ఆటకు కాలాన్ని కుదించక తప్పదు, నిజమే. అయినా దుంగ బరువును అంత శ్రద్ధగా చూపినవారు చెట్టు కొఱకు వేచియుండడాన్ని కనీసం ఒక కఠినమైన అంచెగానైనా ఉంచవచ్చును. ఆడేవారు అడుగవలసినది బండ్ల సంఖ్యను కాదు, ఆ నిరీక్షణను.