గురక గాఢనిద్ర కాదు, మాస్కు పరువుతక్కువ కాదు

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ గదుల్లో ఒక గురక వీరుడు తప్పకుండా ఉంటాడు. వాడి గురకని ఫోన్లో రికార్డ్ చేసి గ్రూపులో పెట్టడం, కుంభకర్ణుడని పేరు తగిలించడం, టీం ఔటింగ్‌కి వెళ్తే వాడితో గది పంచుకోవడానికి వంతులేసుకోవడం.. ఇదంతా మామూలే. అదే మనిషి మర్నాడు మీటింగ్‌లో కునికితే మాత్రం "రాత్రంతా బాగానే పడుకున్నాడు కదా, ఇంకా ఏం నిద్ర? బద్ధకం" అంటాం. మొదటిదాన్ని సరదా అనుకుని వదిలేయొచ్చు గానీ నాకు ఈ రెండో మాట మీదే అభ్యంతరం. కుంభకర్ణుడు నిజంగానే ఆర్నెల్లు నిద్రపోయాడు. మన గురక వీరుల్లో కొంతమంది అసలు నిద్రే పోవట్లేదు.

దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు అందరికీ సడలుతాయి. కొందరికి ఎంత సడలుతాయంటే నాలుక వెనకభాగం, కొండనాలుక దగ్గరి మెత్తటి కండ కలిసి గాలి దారిని మూసేస్తాయి. ఛాతీ ఊపిరి కోసం గింజుకుంటూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు కంగారుపడి మనిషిని ఒక్క క్షణం లేపుతుంది, దారి తెరుచుకుంటుంది, గుర్రుమని ఒక పెద్ద చప్పుడు, మళ్ళీ నిద్ర. పొద్దున లేచాక ఇందులో ఏదీ గుర్తుండదు.

ఊపిరి పది సెకన్లు, అంతకంటే ఎక్కువసేపు ఆగిపోయినా, బాగా తగ్గిపోయినా ఒకటి కింద లెక్కేస్తారు. గంటకి అలాంటివి ఎన్నో చెప్పే అంకెని ఏహెచ్‌ఐ అంటారు. 5 లోపు మామూలు, 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. గంటకి 30 అంటే రెండు నిమిషాలకోసారి. ఏడు గంటల నిద్రలో 210 సార్లు! మన భాషలో చెప్పాలంటే ప్రతి రెండు నిమిషాలకీ రీస్టార్ట్ అయ్యే సర్వర్ అన్నమాట. పైనుంచి చూస్తే ఏడు గంటలు ఆన్‌లోనే ఉంది, లోపల ఒక్క పనీ పూర్తి కాలేదు. అలాంటి సర్వర్‌ని బద్ధకస్తురాలు అని మనమెవరం తిట్టం కదా :)

ఇదేదో అరవై దాటిన లావుపాటి వాళ్ళ రోగం అనుకునేవాళ్ళకి రెండు లెక్కలు. 2019లో లాన్సెట్ వాళ్ళ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో 30 నుంచి 69 ఏళ్ళ మధ్య వాళ్ళలో దాదాపు 93 కోట్ల మందికి ఈ సమస్య ఉంది. ఇక రెండోది మన ఇంటి సంగతి. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు, 71 శాతం మందికి ఊబకాయం ఉన్నాయని తేలింది. అది నిద్ర మీద చేసిన అధ్యయనం కాదు. కానీ మెడ చుట్టూ, నాలుకలో పేరుకునే కొవ్వే గాలి దారిని ఇరుకు చేసే పెద్ద కారణాల్లో ఒకటి కాబట్టి మిగతాది మీరే ఊహించుకోండి. పైగా మన దేశం వాళ్ళకి తక్కువ బరువుకే ఈ ఇబ్బందులు మొదలవుతాయి. దవడ చిన్నగా, కాస్త వెనక్కి ఉంటే సన్నగా ఉన్నవాళ్ళకి కూడా వస్తుంది. 2022 ఫిబ్రవరిలో బప్పీ లహిరి పోయినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణం స్లీప్ ఆప్నియానే. వారం రోజులు అందరం ఆ మాట విన్నాం, తర్వాత మర్చిపోయాం.

దీనికి వైద్యం సీపాప్ అనే చిన్న మెషీన్. నేను దీన్ని వాడబట్టి ఏడాది దాటింది. మా ఇల్లు మెదక్‌లో. వారంలో ఎక్కువ రోజులు ఇక్కణ్ణుంచే పని. మొదటిరోజు మెషీన్ చూసి మా అమ్మ "ఏమైందిరా బిడ్డా, ఆక్సిజన్ పెట్టుకునే దాకా వచ్చిందా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చూడడానికొచ్చిన చిన్నాయన "ఏందిరా ఇది, ఏనుగు తొండం లెక్క" అన్నాడు. కోవిడ్ తర్వాత మన ఊళ్ళల్లో మాస్కు, గొట్టం అంటే ఒకటే అర్థం కదా, వాళ్ళనీ అనలేం. అందుకని ఇంట్లోవాళ్ళకి ముందుగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇందులో ఆక్సిజన్ లేదు. గదిలో గాలినే వడగట్టి, కొంచెం ఒత్తిడితో ముక్కులోకి పంపిస్తుంది. ఆ ఒత్తిడే గొంతు మూసుకుపోకుండా లోపలినుంచి ఆనిపెట్టి ఉంచుతుంది. ఎంత ఒత్తిడీ అంటే 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఎత్తు. బకెట్లో జానెడు నీళ్ళు అడుగుని ఎంత నొక్కుతాయో దాదాపు అంతే, చాలామందికి అంతకూడా అక్కర్లేదు.

దీన్ని కనిపెట్టింది ఆస్ట్రేలియా డాక్టర్ కాలిన్ సలివన్. అప్పటిదాకా తీవ్రమైన ఆప్నియాకి గట్టి వైద్యమంటే మెడకి రంధ్రం చేసి గొట్టం పెట్టడమే. ఆయన ఒక గాలి మోటారుకి గొట్టం బిగించి, మాస్కుని ముక్కుకి జిగురుతో అంటించి మొదటి రోగుల మీద ప్రయత్నించాడు. ఐదుగురి ఫలితాలు 1981లో లాన్సెట్‌లో వచ్చాయి. మెడకి రంధ్రం నుంచి మంచం పక్క డబ్బా దాకా వచ్చాం. ఈ సంగతి తెలిస్తే మాస్కు పట్టీ బిగుతు గురించి కొంచెం తక్కువ సణుగుతాం.

సణగడానికి కారణాలు లేవని కాదు. మొదటి నెల కష్టమే. మొహం మీద ఏదో కూర్చున్నట్టుంటుంది, ఊపిరి వదిలేటప్పుడు గాలి ఎదురొస్తుంది, పక్కకి తిరిగితే మాస్కు జరిగి కంట్లోకి గాలి కొడుతుంది, పొద్దునకి నోరు ఎండిపోతుంది. చాలామంది మెషీన్‌ని అటక మీద పెట్టేసేది ఇక్కడే. నాకు పనికొచ్చినవి చెప్తాను. మాస్కుని పగలే, మెలకువగా ఉన్నప్పుడు, టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోవడం. తక్కువ ఒత్తిడితో మొదలై మెల్లగా పెరిగే ర్యాంప్ అనే సెట్టింగు వాడటం. మాస్కు సైజు సరిపోకపోతే సర్దుకుపోకుండా మార్పించుకోవడం. సగం ఫిర్యాదులు మెషీన్‌వి కావు, మాస్కువి. గడ్డం, మీసం ఉన్నవాళ్ళకి గాలి లీకవుతుంటే ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే రకం అడగండి. నోరు ఎండిపోతుంటే గాలిని తడిపే హ్యుమిడిఫయర్ పెట్టుకోవాలి. అందులో పోయాల్సింది మందుల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్, బ్యాటరీలో పోసే నీళ్ళు కాదు.

ఇక కరెంటు. ఎండాకాలంలో గాలిదుమారం లేస్తే మా వైపు అర్ధరాత్రి కరెంటు పోవడం మామూలే. మెషీన్‌ని ఇన్వర్టర్ లైను మీదే పెట్టుకోవాలి. హ్యుమిడిఫయర్ వేడి ఆపేస్తే కరెంటు బాగా తక్కువ తింటుంది, తెల్లారేదాకా గడిచిపోతుంది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి ఇంకో మాట. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ లోపలి ఫోమ్ పొడిపొడి అవుతోందని లక్షల మెషీన్లని వెనక్కి పిలిచింది. పాత మెషీన్ చవగ్గా వస్తోందంటే ముందు సీరియల్ నంబరు చూసుకోండి.

మన జాతికి డాష్‌బోర్డులంటే పిచ్చి కాబట్టి ఇంకోటి కూడా చెప్పాలి. మెషీన్ రోజూ ఎన్ని గంటలు వాడారో, ఎంత లీకైందో, ఏహెచ్‌ఐ ఎంతో చూపిస్తుంది. ఏహెచ్‌ఐ 5 లోపు ఉండి, పగలు చురుగ్గా ఉంటే పని జరిగినట్టే. 1.8ని 0.9 చేయడానికి వీడియోలు చూసి ఒత్తిడి మీరే మార్చుకోవద్దు. అది డాక్టర్ పని.

"సీపాప్‌తో గుండెపోటు రాదని నిరూపణ అయ్యిందా?" అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో వచ్చిన 2,700 మంది మీద చేసిన సేవ్ అనే పెద్ద పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. సీపాప్ ఇచ్చినవాళ్ళలో గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. దాంతో "చూశారా, దండగ" అన్నవాళ్ళున్నారు. అదే నివేదికలో ఇంకో రెండు సంగతులున్నాయి. వాళ్ళు మెషీన్‌ని సగటున రాత్రికి 3.3 గంటలే వాడారు. అంత తక్కువ వాడినా పగటి మగత తగ్గింది, మనసు కుదుటపడింది. కాబట్టి ఇది సంజీవని అని నేను చెప్పను. నా మటుకు నాకు పదేళ్ళ తర్వాతి గుండె సంగతి కంటే రేపు పొద్దున నర్సాపూర్ అడవి మీదుగా హైదరాబాద్ దాకా బండి నడపడం ముఖ్యం. స్టీరింగ్ ముందు రెప్ప పడితే దానికి రీస్టార్ట్ లేదు. ఎదురుగా వచ్చేవాడు ఏ పాపం చేశాడు?

మెషీన్ చేయలేనిదీ ఒకటుంది. నిద్రని అతకగలదు గానీ లేని నిద్రని తేలేదు. అమెరికా వాళ్ళతో రాత్రి పదకొండుకి కాల్, ఒంటిగంటకి రిలీజ్, పొద్దున ఏడున్నరకి మళ్ళీ ఇక్కడి టీంతో కాల్.. మధ్యలో మిగిలే నాలుగైదు గంటలు మాస్కు పెట్టుకున్నా, పెట్టుకోకపోయినా నాలుగైదు గంటలే. మార్చిలో, నవంబర్‌లో వాళ్ళు గడియారం మారిస్తే మన నిద్ర వేళా మారిపోతుంది. ఆఫీసు వాళ్ళు "నిద్ర ప్రాముఖ్యత" మీద వెబినార్ పెడతారు, అదీ రాత్రి ఎనిమిదిన్నరకి!

అందుకే నా అసలు వాదన కంపెనీలతో. ఏడాదికోసారి చేసే హెల్త్ చెకప్‌లో కొలెస్ట్రాల్ నుంచి కంటిచూపు దాకా అన్నీ చూస్తారు, నిద్ర గురించి ఒక్క ప్రశ్న అడగరు. ఎప్‌వర్త్ స్కేలు అని 1991 నుంచీ ఉంది. ఎనిమిది ప్రశ్నలు, ఐదు నిమిషాల పని. స్టాప్-బ్యాంగ్ అని 2008లో వచ్చిన ఇంకో ఎనిమిది ప్రశ్నలున్నాయి. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు. అనుమానం ఉన్నవాళ్ళకి ఇంట్లోనే ఒక రాత్రి చేసే పరీక్ష కూడా వచ్చింది.

తర్వాత ఇన్సూరెన్స్. చాలా గ్రూప్ పాలసీల్లో ఆసుపత్రిలో పడుకుంటే లక్షలిస్తారు గానీ ఆసుపత్రి దాకా పోకుండా ఆపే మెషీన్‌కి రూపాయి ఇవ్వరు, ఇంట్లో వాడే పరికరం కాబట్టి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి సీజీహెచ్‌ఎస్‌లో డాక్టర్ రాసిస్తే, నిబంధనల ప్రకారం దీని డబ్బు వెనక్కి వస్తుంది. సర్కారుకి అర్థమైన లెక్క మన కంపెనీలకి ఎందుకు అర్థం కాదు? ఉద్యోగికి ఇచ్చే ల్యాప్‌టాప్ కంటే ఇదేమీ ఖరీదు కాదు. ల్యాప్‌టాప్ నడవాలంటే దాని ముందు కూర్చునేవాడు మెలకువగా ఉండాలి కదా.

ఇక ఇళ్ళ సంగతి. నా వయసు వాళ్ళందరికీ ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. "మెషీన్ మాట అవతలోళ్ళకి చెప్పకు బిడ్డా" అనే సలహా నాకూ వచ్చింది, ఇంకో ఇద్దరు మిత్రులకీ వచ్చింది. కళ్ళద్దాలు దాచి పెళ్ళిచూపులకి పోతామా? ఆడపిల్లల పరిస్థితి ఇంకా అన్యాయం. వాళ్ళలో చాలామందికి గురక కంటే నీరసం, పొద్దుటి తలనొప్పి, తెగిపోయే నిద్రగానే ఇది బయటపడుతుంది. డాక్టర్లే టెన్షన్ అనో రక్తం తక్కువనో పంపించేస్తుంటారు. ఒకవేళ గురక ఉన్నా "ఆడపిల్ల గురకేంటి" అని ఇంట్లోనే నోరు మూయిస్తారు. మాస్కు దాచిపెట్టి మొదలయ్యే కాపురంలో ఆ మాస్కు ఎన్ని రాత్రులు బయటికొస్తుంది చెప్పండి?

బరువు తగ్గితే పోతుంది కదా అంటారు. చాలామందికి తగ్గుతుంది, కొందరికి పూర్తిగా పోతుంది కూడా. 2024 డిసెంబర్‌లో అమెరికాలో టిర్జెపటైడ్ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్‌ని ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్నవాళ్ళకి వాడొచ్చని అనుమతించారు. మంచిదే. కానీ సరిగ్గా నిద్ర లేనివాడికి ఆకలి పెరుగుతుంది, వ్యాయామం చేసే ఓపిక ఉండదు. బరువు తగ్గేదాకా నిద్ర ఆపుకోమనడం, అప్పు తీరేదాకా జీతం తీసుకోవద్దన్నట్టుంటుంది.

కాబట్టి ఒక పని చేయండి. ఈ రాత్రి మీ గదిలో ఉన్నవాళ్ళని, ఇంట్లోవాళ్ళని అడగండి, "నా గురక మధ్యలో ఆగుతోందా?" అని. ఆగుతోంది అంటే నవ్వేసి ఊరుకోకుండా ఊపిరితిత్తుల డాక్టర్‌నో, ఈఎన్‌టీ డాక్టర్‌నో కలవండి. వచ్చే ఏడాది ఇన్సూరెన్స్ రెన్యువల్ ముందు మీ హెచ్ఆర్‌కి ఒక మెయిలు కూడా కొట్టండి. ఒక్కడు కొడితే చెత్తబుట్టలోకి పోతుంది, యాభై మంది కొడితే మీటింగ్ పెడతారు. ఆ మీటింగేదో పగటిపూట పెట్టమనండి :)