సున్నా ఉంది, లేదనకండి

జనవరిలో పుట్టినవాళ్లంటే జావాస్క్రిప్టుకు పగేమీ లేదు. కాకపోతే ఆ భాషలో నెలల లెక్క సున్నాతో మొదలవుతుంది. జనవరి 0, డిసెంబరు 11. ఒక లైను కలిసొస్తుంది కదా అని ప్రోగ్రామరు

నెల || "తెలియదు"

అని రాశాడంటే సంక్రాంతికి పుట్టిన బిడ్డకు పుట్టిన నెలే లేకుండా పోతుంది. మిగతా 11 నెలలకూ అదే లైను భేషుగ్గా పనిచేస్తుంది కనుక తప్పు ఓ పట్టాన దొరకదు.

ఇఫ్, ఎల్స్ అంటూ నాలుగైదు లైన్లు సాగే షరతును ఒక్క లైనుకు కుదించే పొట్టిరాతలు జావాస్క్రిప్టులో చాలానే ఉన్నాయి. వాటిలో పెద్దది టెర్నరీ.

వయసు >= 18 ? "ఓటుంది" : "ఓటు లేదు"

ప్రశ్నార్థకానికి ముందున్నది షరతు. అది నిజమైతే కోలన్‌కు ఇవతలిది, కాకపోతే అవతలిది జవాబు. (పేర్లు తెలుగులో పెట్టినా ఈ భాష కాదనదు. ఇఫ్, ఎల్స్ లాంటి సొంత మాటల్ని మాత్రం ఇంగ్లిషులోనే రాయాలంటుంది.) నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ 1995 మేలో పది రోజుల్లో తొలి నమూనా తయారుచేసిన భాష ఇది. ప్రశ్నార్థకం, కోలన్‌ల జత మాత్రం అంతకు చాలా ముందే సి భాషలో ఉంది. గూగుల్‌లో పుట్టిన గో భాష దాన్ని గడప తొక్కనివ్వలేదు. జనం దాంతో అంతుపట్టని లైన్లు రాస్తారన్నది ఆ భాష రూపకర్తల అభ్యంతరం. అందులో నిజం లేకపోలేదు. టెర్నరీలో టెర్నరీ, దానిలో మరొకటి ఇరికిస్తే రాసినవాడికే వారం తర్వాత అర్థం కాదు.

అయితే టెర్నరీ చూపును మాత్రమే తికమకపెడుతుంది. అసలు ముప్పు రెండు నిలువు గీతలతోనే. "ఇది లేకపోతే అది" అనే అర్థంలో వాటిని వాడతారు. కానీ "లేకపోవడం" అంటే జావాస్క్రిప్టు లెక్క వేరు. నల్, అన్‌డిఫైన్డ్‌లతో పాటు సున్నా, ఖాళీ అక్షరమాల కూడా దాని దృష్టిలో లేనివాటి కిందే జమ.

మార్కులు || "గైర్హాజరు"

పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్న విద్యార్థి, అసలు హాలుకే రాని విద్యార్థి ఈ లైనులో ఒకటైపోతారు. సున్నా గొప్పేమీ కాదు. కానీ మూడు గంటలు కూర్చుని రాసినవాడిని రాలేదనడం అన్యాయం. పైగా ఇందులో ఇంకో మెలిక ఉంది. ఫారంలో టైపు చేసిన సున్నా అంకెగా కాక అక్షరంగా వస్తుంది. ఆ "0" ఖాళీ కాదు కాబట్టి ఉన్నట్టే లెక్క. పరీక్షించేటప్పుడు చేత్తో కొట్టి చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది. డేటాబేసు నుంచి అసలైన అంకె వచ్చిన రోజున కొంప మునుగుతుంది.

ఈ చిక్కుకు విరుగుడు 2020 ప్రమాణంలో వచ్చింది. నిలువు గీతల బదులు రెండు ప్రశ్నార్థకాలు.

మార్కులు ?? "గైర్హాజరు"

నల్ లేదా అన్‌డిఫైన్డ్ అయితేనే ఇది కుడివైపు చూస్తుంది. సున్నాను సున్నాగానే ఉంచుతుంది. ఈ రెండు గుర్తుల్నీ బ్రాకెట్లు లేకుండా ఒకే షరతులో కలిపితే ఇంజిను అసలు ముందుకే కదలదు. ఏది ముందో ఊహించి తప్పు చేయడం కన్నా అదే నయం.

అలాగని పాత కోడంతా తిరగేసి నిలువు గీతలు కనబడ్డ చోటల్లా ప్రశ్నార్థకాలు పెట్టుకుంటూ పోతే మరో తంటా. ఫారంలో పేరు రాయకుండా వదిలేస్తే వచ్చేది నల్ కాదు, ఖాళీ అక్షరమాల.

పేరు ?? "అతిథి"

అని రాస్తే తెరమీద అతిథి కనిపించడు, "స్వాగతం" పక్కన ఖాళీ మిగులుతుంది. అక్కడ పాత నిలువు గీతలే సరి.