సంపాదకుని మాట: మొదటి రోజు

జడ్చర్ల నుంచి 44వ నంబరు రహదారి పట్టుకుంటే హైదరాబాదు ఊళ్లోకి పోకుండానే శంషాబాదు విమానాశ్రయం వస్తుంది. 2008లో అది తెరిచాక మన పాలమూరు తల్లిదండ్రులకు అమెరికా కొంత దగ్గరైంది. ఒకప్పుడు ఇక్కడి ఆలుమగలు ఊరు దాటితే బొంబాయికో, ఆనకట్టల పనికో మేస్త్రీ వెంట పోయేవారు. ఊరికే చూసి రావడానికి పోవడం కొత్త ముచ్చట. అందరికీ కాదనుకోండి.

ఈ సంచిక ప్రయాణాల మీద కాబట్టి న్యూయార్కులో మొదటి రోజు గురించి ఒక మాట. పిల్లలు ప్రేమకొద్దీ ఐదారు చోట్లు రాసిపెడతారు. వేసవిలో అక్కడి గడియారం మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక. అక్కడ మధ్యాహ్నం రెండంటే మన ఒంటికి రాత్రి పదకొండున్నర. టైమ్స్ స్క్వేర్‌లో నిలబడి కునికిపాట్లు పడేది అందుకే. మోకాళ్ల సంగతి సరేసరి.

మా ఓటు స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీకి. టికెట్టు లేదు, కూర్చునే చూడొచ్చు. మన్‌హాటన్ దక్షిణపు కొసన ఎక్కి కుడివైపు కూర్చుంటే, సుమారు 25 నిమిషాల దారిలో 1886 నాటి స్వేచ్ఛా ప్రతిమ కనబడుతుంది. రాగి రేకు పచ్చబడి ఆ రంగు వచ్చింది. "ఇన్నేండ్లల్ల ఎవ్వరూ చింతపండు పెట్టి తోమలేదా?" అని మన అమ్మలు అడక్క మానరు. అవతలి ఒడ్డున అందరూ దిగి మళ్లీ ఎక్కాలి, అంతే.

ఇక చూసొచ్చింది రాయడం సంగతి. పోతం జానకమ్మ తెలుగులో రాసిన ఇంగ్లండు యాత్ర 1876లోనే ఇంగ్లీషు పుస్తకంగా వచ్చింది. మీరూ రాసి పంపండి. ఫోటోలు రెండు చాలు. ఏం తిన్నారో, ఇద్దరిలో ఎవరు ముందు అలసిపోయారో మాత్రం దాచకండి.