సైన్యం పేరు చెప్పి జవాబు దాటవేయరాదు

తార్నాక: ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఆనుకొని ఉన్న ఈ తార్నాకకు ‘తార్’, ‘నాకా’ అనే రెండు మాటల నుంచి పేరు వచ్చిందని పాతవారు చెబుతారు. తార్ అంటే తీగ, నాకా అంటే వచ్చేపోయేవారిని ఆపి అడిగే చోటు. ఈ నాకాకు దగ్గరలోనే చదువుకున్న ఒక నాయకుడు తర్వాత ఢిల్లీలో ప్రభుత్వాన్ని ఆపి అడిగినవారిలో ముందు నిలిచాడు. ఆ సంగతి మన జిల్లా వారు తెలుసుకోదగినది.

మనుమడిని యూనివర్సిటీలో చేర్పించడానికి సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఇక్కడి టీ కొట్టు దగ్గర ఈ విలేఖరికి తారసపడ్డాడు. పక్కన విద్యార్థులు పార్లమెంటు విషయాలు మాట్లాడుకుంటున్నారు. “మిలట్రీ ముచ్చట మనకెందుకు బిడ్డా? అన్నీ అడిగితే పగోడికి తెల్వదా?” అన్నాడాయన. “తుపాకి యాడ పెట్టిండ్రని అడుగుతలేం తాతా, పైసలు యాడ పోయినయని అడుగుతున్నం” అని ఒక విద్యార్థి బదులిచ్చాడు. వాదమంతా ఈ రెండు మాటల్లోనే ఉంది.

ఎస్. జైపాల్ రెడ్డి 1942లో నల్గొండ జిల్లా చండూరు దగ్గరి నెర్మటలో పుట్టారు. చిన్నతనంలోనే పోలియో సోకడంతో చంక కర్రలతోనే నడిచారు. ఉస్మానియాలో ఎం.ఎ. చదివి, 1969లో కల్వకుర్తి నుంచి శాసనసభకు వెళ్లారు. ఎమర్జెన్సీని వ్యతిరేకించి కాంగ్రెస్‌ను వదిలారు. 1984లో మహబూబ్‌నగర్ నుంచి జనతా పార్టీ తరఫున లోక్‌సభకు ఎన్నికయ్యారు. అప్పటి సభలో కాంగ్రెస్‌కు 400కు పైగా స్థానాలున్నాయి. ప్రతిపక్షంలో పెద్ద పార్టీ 30 మంది సభ్యులున్న తెలుగుదేశమే. జనతా పార్టీ బలం అంతకన్నా తక్కువ. అయినా జైపాల్ రెడ్డి గొంతు తగ్గలేదు.

బోఫోర్స్ వ్యవహారం

1986 మార్చిలో స్వీడన్‌కు చెందిన బోఫోర్స్ కంపెనీ నుంచి 410 ఫిరంగులు కొనడానికి ఒప్పందం కుదిరింది. విలువ సుమారు 1,437 కోట్ల రూపాయలు. ఈ బేరంలో ముడుపులు చేతులు మారాయని 1987 ఏప్రిల్‌లో స్వీడన్ రేడియో ప్రకటించింది. డబ్బు ఎవరికి ముట్టిందో చెప్పాలని ప్రతిపక్షాలు పట్టుబట్టాయి. అలా గట్టిగా నిలదీసినవారిలో జైపాల్ రెడ్డి ఒకరు. బి. శంకరానంద్ అధ్యక్షతన వేసిన సంయుక్త పార్లమెంటరీ సంఘాన్ని ప్రతిపక్షాలు బహిష్కరించాయి. 1989 జూలైలో కాగ్ నివేదిక బయటికి రాగానే ప్రతిపక్ష సభ్యులు పలువురు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. ఆ ఏడాది జరిగిన ఎన్నికల్లో ప్రభుత్వం మారిపోయింది.

రెండో పక్క కూడా చెప్పాలి. 1999 కార్గిల్ యుద్ధంలో ఆ ఫిరంగులే మన సైన్యానికి బాగా అక్కరకొచ్చాయి. రాజీవ్ గాంధీపై మోపిన ముడుపుల అభియోగాన్ని 2004లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. అంటే ప్రశ్నల వల్ల ఫిరంగి చెడలేదు, సైన్యం బలహీనపడలేదు. సరుకు మంచిదైనంత మాత్రాన బేరం లెక్క అడగకూడదని లేదు. మంచి ఎద్దును కొన్నా దళారి ఎంత తిన్నాడో రైతు అడగడా?

ప్రశ్న ఎలా అడుగుతారు?

మంత్రివర్గం లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలని రాజ్యాంగం 75వ అధికరణ చెబుతోంది. లోక్‌సభలో మామూలుగా మొదటి గంట ప్రశ్నలదే. సభ్యుడు ముందుగా నోటీసు ఇస్తాడు. చుక్క గుర్తు ప్రశ్నకు మంత్రి నిలబడి నోటితో జవాబు చెప్పాలి. ఆపైన అనుబంధ ప్రశ్నలు వస్తాయి. మంత్రికి అసలు ఇబ్బంది అక్కడే. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబిస్తే చాలు.

ఈ తేడా మన జిల్లావారికి ఒకసారి బాగా తెలిసివచ్చింది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో చైనా దళాలతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది అమరులయ్యారు. వారికి నాయకత్వం వహించిన కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ. ఆయనకు మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు. సూర్యాపేటలో విగ్రహం పెట్టారు. అయితే ఆ సెప్టెంబరులో జరిగిన సమావేశాల్లో కరోనా కారణంగా ప్రశ్నోత్తరాల గంటనే తీసివేశారు. రాత జవాబులు మాత్రమే మిగిలాయి. రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ లోక్‌సభలో ప్రకటన చేశారు. లడఖ్‌లో సుమారు 38,000 చదరపు కిలోమీటర్లు చైనా ఆక్రమణలో ఉన్నట్లు తెలిపారు. దానిపై మాట్లాడే అవకాశం ఇవ్వలేదంటూ కాంగ్రెస్ సభ్యులు సభ నుంచి వెళ్లిపోయారు. విగ్రహానికి దండ వేయడం గౌరవమే. కాని ఆ రాత్రి ఏం జరిగిందో సభలో అడిగి తెలుసుకోవడం అంతకంటె పెద్ద గౌరవం.

2025లో పరిస్థితి కొంత మెరుగు. ఏప్రిల్‌లో పహల్‌గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. తర్వాత జరిగిన ‘ఆపరేషన్ సిందూర్’పై జూలై నెలాఖరులో ఉభయ సభలూ చర్చించాయి. హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ అంతకుముందే భారత్ తరఫు వాదన వినిపించడానికి విదేశాలకు వెళ్లిన బృందంలో ఉన్నారు. అదే మనిషి సభలో లేచి భద్రతా లోపానికి బాధ్యులెవరని నిలదీశారు. బయట దేశం తరఫున మాట్లాడటం, ఇంట్లో ప్రభుత్వాన్ని అడగటం ఒకదానికొకటి విరుద్ధం కాదని దీనివల్ల విశదమవుతోంది.

హద్దు ఎక్కడ?

పెద్దాయన భయం పూర్తిగా కాదనలేనిది. దళాలు ఎక్కడున్నాయి, రేపు ఎటు కదులుతాయి అన్నది ఎవరూ బయటపెట్టరాదు. 2005 సమాచార హక్కు చట్టం కూడా దేశ భద్రతకు హాని కలిగించే సమాచారాన్ని మినహాయించింది. అయితే అదే చట్టం, మినహాయింపు పొందిన నిఘా, భద్రతా సంస్థల్లో సైతం అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణల సమాచారాన్ని దాచరాదంటోంది. కనుక రేపటి కదలిక రహస్యమే. నిన్నటి ఖర్చు, నిన్నటి పొరపాటు మాత్రం లెక్కకు రావలసిందే.

జైపాల్ రెడ్డి 1999లో తిరిగి కాంగ్రెస్‌లో చేరి, ఆ ఏడూ 2004లోనూ మిర్యాలగూడ నుంచి గెలిచి, కేంద్రమంత్రిగా తానే జవాబులు చెప్పే చోట కూర్చున్నారు. 2019లో కన్నుమూశారు. కుర్చీలు మారతాయి. అడిగే హక్కు మాత్రం ఎవరి సొత్తూ కాదు. ఏ ఎంపీ ఏ ప్రశ్న అడిగాడో పార్లమెంటు రికార్డుల్లో ఉంటుంది. ఓటు కోసం ఊరికి వచ్చినప్పుడు రోడ్డు, నీళ్లతోపాటు ఆ సంగతీ అడగవలసిన బాధ్యత మనది. సరిహద్దులో నిలబడేది మన పల్లెల బిడ్డలే కదా.