సంపాదకుని మాట: గడప దాటించే దారి

మొన్న ఒక పంచాయతీ కార్యాలయానికి వెళ్లాను. మెట్ల పక్కన సిమెంటు ర్యాంపు ఉంది. నిటారుగా పోశారు, పట్టుకోవడానికి కడ్డీ లేదు, కింద మోటారు సైకిళ్లు నిలిపారు. మూడు చక్రాల బండి మీద వచ్చిన ఓ పెద్దాయన పింఛను కాగితం లోపలికి పంపి, ఎండలోనే కూర్చున్నాడు. ర్యాంపు ఉండీ ఆయనకు అక్కరకు రాలేదు.

అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలన్నది ప్రమాణం. కట్టేటప్పుడే కొలిచి పోస్తే ఖర్చు కొద్దిపాటిదే. పగలగొట్టి మళ్లీ కట్టడమే భారం.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగులు సుమారు 22.67 లక్షల మంది. ఆ లెక్కల్లో వైకల్యాలను ఎనిమిది రకాలుగానే నమోదు చేశారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. ఆయుర్దాయం పెరిగే కొద్దీ చూపు, వినికిడి, నడక తగ్గినవారు ప్రతి వీధిలోనూ పెరుగుతారు. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, కొన్నిటినైనా తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో తేల్చి చెప్పింది.

తీర్పు ఢిల్లీలో వచ్చినా, మెట్లున్నది మన ఊళ్లో. వాటిని సరిచేయాల్సింది పంచాయతీలు, మునిసిపాలిటీలే. ఏటా వేసుకునే అభివృద్ధి ప్రణాళికలో ర్యాంపు, కడ్డీ, వాడుకోదగ్గ మరుగుదొడ్డి మొదటి పుటలోనే ఉండాలి.

పాఠకులకు ఒక్క మనవి. వచ్చే గ్రామసభకు మీ వీధిలోని వికలాంగులను వెంటబెట్టుకుని వెళ్లండి. ఏం కావాలో వాళ్లనే చెప్పనివ్వండి. ఆ మాట తీర్మానంలో రాయించేదాకా కదలకండి.