ఒక్క సీసా నీళ్ళతో తేలే సంగతి కాదు



మన వైపు నీళ్ళ గురించి రాయమంటే అందరం ఉప్పు గురించే రాస్తాం. బాపట్ల, రేపల్లె సముద్రం వైపు వాళ్ళకి ఉప్పునీళ్ళ బాధ పుట్టినప్పట్నుంచీ తెలుసు. తెనాలి వైపు వాళ్ళు కాలవ మురుగు గురించి రాస్తారు. నేను ఈసారి ఇంకో సంగతి రాస్తున్నాను. పెట్రోలు, డీజిలు భూమిలోకి దిగి తాగేనీళ్ళలో కలిస్తే ఎలా కనిపెట్టాలి?

మా యానాదుల పేట దగ్గర ఒక బంకు ఉంది. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మా అవ్వ గంజి వారుస్తూ "ఏందిరా, గంజి కిరసనాయిలు కంపు కొడతంది" అంది. బోరింగు కొట్టి చూస్తే నిజమే. పెద్దోళ్ళు అర్జీ పెట్టారు. కాలవలు కట్టేసిన తర్వాత, మే నెల ఎండలో, ఒకాయన వచ్చాడు. ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో సగానికి నీళ్ళు పట్టి, మోటారు సైకిలుకి తగిలించుకుని వెళ్ళాడు. కొన్నాళ్ళకి "నీళ్ళు బాగానే ఉన్నాయి" అని కబురొచ్చింది. కాయితం చూపించలేదు. బోరింగులో బ్లీచింగు పౌడరు మాత్రం పోశారు. కాలవలకి నీళ్ళొదిలాక మళ్ళీ అదే కంపు అని నాన్న నన్ను చూడ్డానికొచ్చినప్పుడు చెప్పాడు.

మా సైన్సు మాష్టారిని అడిగితే తప్పు ఎక్కడ జరిగిందో విడమరిచి చెప్పారు.

పెట్రోలు నీళ్ళకంటే తేలిక. భూమిలోకి దిగి నీటి మట్టం మీద తేలుతుంది. మన డెల్టాలో నీళ్ళు పైపైనే ఉంటాయి. కాలవలు పారితే మట్టం ఎక్కుతుంది, కట్టేస్తే దిగుతుంది. దిగినప్పుడు నూనె ఇసుకకి అంటుకుని ఉండిపోతుంది. మళ్ళీ ఎక్కినప్పుడు ఆ ఇసుకలోంచి నీళ్ళలో కలుస్తుంది. అందుకే ఒక కాలంలో చేసిన పరీక్ష ఇంకో కాలానికి పనికిరాదు.

పెట్రోలులో బెంజీను అనే పదార్థం ఉంటుంది. అది నీళ్ళలో కరిగితే రంగు ఉండదు. ఏళ్ళ తరబడి తాగితే రక్త క్యాన్సరు వచ్చే ప్రమాదం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 10 మైక్రోగ్రాములు. అంటే ఒక్క గ్రాము బెంజీను లక్ష లీటర్ల నీళ్ళని ఆ హద్దు దాకా తీసుకుపోతుంది. ముక్కుకి తెలిసేలోపే హద్దు ఎప్పుడో దాటిపోతుంది. కాబట్టి వాసన లేదంటే మంచినీళ్ళని కాదు.

బెంజీను తొందరగా ఆవిరైపోతుంది. సగం ఖాళీ సీసాలో ఎండకి వేలాడదీస్తే పరీక్షకి ఇక మిగిలేదేముంది? ముందు పైపులో నిలవున్న నీళ్ళు కొట్టి పారబొయ్యాలి. తర్వాత గాజు సీసాలో గాలిబుడగ లేకుండా నిండా పట్టి, బిగించి, ఐసులో పెట్టి ల్యాబుకి పంపాలి. బ్లీచింగు పౌడరుతో క్రిములు చస్తాయి గానీ పెట్రోలు పోదు.

ఇదేదో మా పేట గొడవే అనుకోకండి. 2013లో మద్రాసు తండయారుపేటలో భారత్ పెట్రోలియం వారి భూగర్భ గొట్టం కారి, ఇళ్ళ బోర్లలో నూనె వచ్చింది. ఆ సంగతి హరిత ట్రిబ్యునలు దాకా వెళ్ళింది. పట్నంలో అడిగే నోళ్ళున్నాయి. ఇరవై గుడిసెల పేట తరఫున ఎవరు అడుగుతారు?

బంకుల మీద నాకేం పగ లేదు. డీజిలు లేకపోతే నిజాంపట్నం రేవులో మరపడవలు కదలవు. కొత్త బంకు బడికి, ఆసుపత్రికి, ఇళ్ళకి 50 మీటర్ల దూరంలో ఉండాలని, వీలుకాని చోట కూడా 30 మీటర్లకి తగ్గకూడదని 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది. మంచిదే. మరి పాత బంకుల పక్కన తాగేవాళ్ళ మాటేంటి?

"క్యాను నీళ్ళు కొనుక్కోవచ్చుగా" అంటారు కొందరు. కూలి డబ్బులు బియ్యానికే చాలనప్పుడు రోజూ క్యాను ఎక్కడ కొంటారు?

నా అభిప్రాయం ఇది. బంకు చుట్టూ నాలుగు వైపులా సన్న గొట్టాలు దించి, కాలవలు వదలకముందు ఒకసారి, వదిలాక ఒకసారి, ప్రతి ఏడూ పరీక్ష చెయ్యాలి. నీళ్ళు పారే వైపు గొట్టాలు ఎక్కువ ఉండాలి. ఫలితం తెలుగులో రాసి బోరింగు పక్కనే బోర్డు కట్టాలి. అనుమానం తేలేదాకా ఆ బోరింగుకి ఎర్ర రంగు వేసి, పేటకి వేరే నీళ్ళివ్వాలి.

మనం చెయ్యగలిగింది కూడా ఉంది. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు తేదీ, వాసన, నీళ్ళ మీద తెట్టు, కాలవ పారుతుందా లేదా అన్నవి నోట్సులో రాసుకుందాం. రేపు మళ్ళీ సీసా పట్టుకుని ఎవరన్నా వస్తే ఆ నోట్సు చూపిద్దాం. మనం రాసింది ఈ గోడ మీద అందరూ చదువుతున్నారు కదా, మనం తాగే నీళ్ళ కాయితం కూడా అలాగే అందరూ చదివేలా ఉండాలి.

చదువురాని మా అవ్వ ముక్కుతో ముందే కనిపెట్టింది. చదువుకున్న వాళ్ళు కనీసం సరైన సీసాతో రావాలి.

- తొమ్మిదో తరగతి