రాత్రి వార్డులో సిస్టర్లు ఎంతమంది?

రాత్రి రెండు గంటలు. జిల్లా కేంద్రంలో ఓ ప్రైవేటు ఆస్పత్రి, మూడో అంతస్తులో జనరల్ వార్డు. తుంటి ఎముక విరిగి ఆపరేషనైన మా అత్తగారికి సెలైన్ ఎక్కుతోంది. మంచం పక్కన చాప వేసుకుని నేను కూర్చున్నాను. కళ్లు మూతలు పడుతున్నాయిగానీ పడుకోవడానికి లేదు. సీసా ఖాళీ అయితే చూడాల్సింది నేనే మరి!

అయిపోవచ్చిందని పరుగెత్తుకెళ్లి చెబితే, వార్డు ఆ చివర ఎవరికో ఆక్సిజన్ పెడుతున్న సిస్టర్ తలెత్తకుండానే, "గొట్టం మీద చిన్న చక్రం ఉంటుందండీ. దాన్ని తిప్పి ఆపెయ్యండి, వచ్చేస్తున్నా" అంది. ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయేమో. ముప్ఫై పడకలకీ ఆ రాత్రి తనొక్కతే. గట్టిగా అడుగుదామని వెళ్లినదాన్ని, ఆ పిల్ల ముఖం చూసి నోరు మూసుకుని వచ్చేశాను.

నాలుగో రోజుకి అత్తగారికి నడుం కింద ఎర్రగా కమిలింది. ఆరో రోజుకి పుండు పడింది. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుగారు "రెండు గంటలకోసారి పక్కకి తిప్పలేదా?" అని అడిగారు. ఎవరిననుకున్నారు? సిస్టర్ని కాదు, నన్ను! ఆపరేషనైన కాలు ఎటు పట్టుకుంటే ఏమవుతుందోనని భయపడి నేను ముట్టుకోలేదు. ఎలా తిప్పాలో ఎవరూ చూపించనూ లేదు. డిశ్చార్జి రోజున బిల్లు చూస్తే మాత్రం 'నర్సింగ్ చార్జీలు' అని రోజుకింత చొప్పున వేసి ఉంది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదని మీకూ తెలుసు.

జీతం లేని నర్సులం మనమే

మన ఆస్పత్రుల్లో 'అటెండెంట్' అంటే ఎవరు? చాలావరకు ఆడమనిషే. తల్లి, భార్య, కూతురు, కోడలు. మంచాన పడింది మగవాడైనా, ఆడదైనా పక్కన కూర్చునేది మనమే. బెడ్‌పాన్ పెట్టడం, ఒళ్లు తుడవడం, ముక్కుగొట్టంలో జావ పోయడం, మూత్రం సంచి ఖాళీ చేయడం, మందుల చీటీ పట్టుకుని మెట్లు దిగి పరుగెత్తడం. ఉద్యోగం చేసే ఆవిడైతే సెలవు పెట్టాలి. కూలికెళ్లే ఆవిడైతే ఆ రోజు కూలి పోయినట్టే.

"సొంతవాళ్లకి చేసుకోవడం కూడా తప్పేనా?" అంటారు కొందరు. తప్పని ఎవరన్నారు? పక్కన కూర్చుని ధైర్యం చెప్పడం, ఓ ముద్ద తినిపించడం మన పనే. కానీ మందు మోతాదు సరిచూడటం, ఆపరేషనైన మనిషిని పక్కకి తిప్పడం, ఊపిరి తీరులో తేడా కనిపెట్టి డాక్టరుని పిలవడం చదివి నేర్చుకోవాల్సిన పనులు. జీఎన్ఎం 3 ఏళ్లు, బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్లు చదివేది అందుకే. ఆ పనులు మన నెత్తిన పడ్డాయంటే వార్డులో నర్సులు చాలినంతమంది లేరన్నమాట. పేషెంటు హక్కుల గురించి ఎంత మాట్లాడుకున్నా ముందు అక్కడికే రావాలి.

లెక్క ఏం చెబుతోంది?

సాధారణ వార్డుల్లో టీచింగ్ ఆస్పత్రులైతే ప్రతి 3 పడకలకి ఒక నర్సు, మిగతా ఆస్పత్రుల్లో 5 పడకలకి ఒక నర్సు ఉండాలనేది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన ప్రమాణం. సెలవుల కోసం ఇంకో 30 శాతం మందిని అదనంగా తీసుకోవాలి. ఈ లెక్కన 30 పడకల వార్డుకి ఆరుగురు. వాళ్లనే మూడు షిఫ్టులకి పంచారనుకున్నా, ఎంత తక్కువలో తక్కువ చూసినా, రాత్రి డ్యూటీలో ఇద్దరు కనిపించాలి. మీరు చూసిన వార్డుల్లో కనిపించారా?

ఒక నర్సు తక్కువైతే ఏమవుతుంది? బెల్లు కొడితే ఆలస్యంగా వస్తారు, అంతేగా అనుకుంటాం. అంతే కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా ఆస్పత్రుల్లో ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ల వివరాలను లిండా ఐకెన్ అనే పరిశోధకురాలి బృందం పరిశీలించి 2002లో ప్రచురించింది. నర్సు మీద ఒక్క పేషెంటు భారం అదనంగా పడితే, 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం సుమారు 7 శాతం పెరుగుతోందని తేలింది. అదే దేశంలో కాలిఫోర్నియా రాష్ట్రం ఒక నర్సుకి ఎంతమంది పేషెంట్లకి మించకూడదో 1999లో చట్టం చేసి, 2004 నుంచి అమల్లో పెట్టింది. మన దగ్గర ప్రమాణం కాగితం మీద ఉంది. పాటించనివాళ్లని అడిగే నాథుడే లేడు.

ఒక్క ఇంజెక్షన్

ఇక నర్సు పేరుతో నర్సు కానివాళ్లని పెడితే ఏం జరుగుతుందో చెప్పే కేసొకటి ఉంది. 1993 చివర్లో టైఫాయిడ్‌తో ఉన్న ఓ పసివాణ్ని తల్లిదండ్రులు ఢిల్లీ ప్రాంతంలోని ఓ ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. డాక్టరు రాసింది ఒక మందైతే, నర్సు తండ్రి చేత బయట నుంచి తెప్పించి నరానికి ఎక్కించింది ఇంకో మందు. అది మలేరియాకి వాడేది. పిల్లవాడు అక్కడికక్కడే కుప్పకూలాడు. ప్రాణం దక్కిందిగానీ మెదడు దెబ్బతింది. తీరా చూస్తే ఆవిడ శిక్షణ పొందిన నర్సే కాదు, ఏ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లోనూ పేరు లేదు!

స్ప్రింగ్ మెడోస్ కేసుగా పేరుపడిన ఈ వివాదంలో జాతీయ వినియోగదారుల కమిషన్ పిల్లవాడికి 12.5 లక్షలు, తల్లిదండ్రుల మనోవేదనకి 5 లక్షలు ఇవ్వాలంది. 1998లో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. 'తప్పు నర్సుది, మాకేం సంబంధం' అని ఆస్పత్రి తప్పించుకోవడానికి వీల్లేదన్నమాట.

చిన్న నర్సింగ్ హోముల్లో ఇప్పటికీ తెల్లబట్టలు తొడుక్కున్న ప్రతివాళ్లనీ మనం 'సిస్టర్' అనే పిలుస్తాం. వాళ్లలో నర్సింగ్ చదివిందెవరు, ఇంటర్ ఆపేసి పనిలో చేరిందెవరు అని అడగడానికి మొహమాటపడతాం.

నర్సు తక్కువెందుకు?

నర్సింగ్ చదివే అమ్మాయిలు లేకనా? మన రెండు రాష్ట్రాల్లో నర్సింగ్ కాలేజీలకేం తక్కువ లేదు. చదివినవాళ్లు గల్ఫ్‌కీ, బ్రిటన్‌కీ, జర్మనీకీ దారి పడుతున్నారు. ఇక్కడ మిగిలినవాళ్లకి ఇచ్చేదెంత?

ప్రైవేటు నర్సుల జీతాల మీద కమిటీ వేయమని సుప్రీంకోర్టు 2016 జనవరిలో కేంద్రానికి చెప్పింది. ఆ కమిటీ లెక్కలు స్పష్టంగా ఉన్నాయి. 200 పడకలు దాటిన ఆస్పత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతమివ్వాలి. 100 దాటితే 10 శాతానికి మించి తగ్గించకూడదు, 50 దాటితే 25 శాతానికి మించి తగ్గించకూడదు. 50 పడకల లోపు ఆస్పత్రి అయినా నెలకి 20,000 రూపాయలకి తక్కువ ఇవ్వకూడదు. ఇవన్నీ సిఫార్సులే. అమలు చేయించే బాధ్యతని రాష్ట్రాలకి వదిలేశారు. మీకు తెలిసిన నర్సు ఎవరైనా ఉంటే, జీతమెంతో ఒకసారి అడిగి చూడండి.

పన్నెండు గంటల డ్యూటీ చేసి, చాలీచాలని జీతంతో, ముప్ఫై మందిని చూసుకునే అమ్మాయి దగ్గర మనం చిరునవ్వు ఆశిస్తున్నాం. ఆమె విసుక్కుంటే 'ఈ కాలం నర్సులకి దయాదాక్షిణ్యాల్లేవు' అనేస్తాం. ఆస్పత్రి యాజమాన్యాన్ని మాత్రం పల్లెత్తు మాట అనం.

సేవ అంటే ఇదీ

మనుషులు చాలినంతమంది ఉండి, మనసు పెడితే నర్సులు ఏం చేయగలరో చూపించింది ముంబయిలోని కేఈఎం ఆస్పత్రి. అక్కడ నర్సుగా పనిచేసే అరుణా శాన్‌బాగ్ మీద 1973లో అదే ఆస్పత్రిలో అత్యాచారం జరిగింది. మెదడు దెబ్బతిని ఆమె ఇక మంచం మీదే ఉండిపోయింది. 2015 మే 18న కన్నుమూసేదాకా దాదాపు 42 ఏళ్లు తోటి నర్సులే స్నానం చేయించారు, తినిపించారు, పక్కకి తిప్పారు. పాతవాళ్లు రిటైరైతే కొత్తవాళ్లు అందుకున్నారు. ఇన్నేళ్లలో ఆమె ఒంటి మీద ఒక్క పుండు పడలేదని చెప్పుకునేవారు. 2011 తీర్పులో సుప్రీంకోర్టు ఆ నర్సుల సేవని ప్రత్యేకంగా మెచ్చుకుంది.

నలభై ఏళ్లు పడుకున్న మనిషికి పుండు పడకుండా చూడొచ్చు. ఆరు రోజుల్లో మా అత్తగారికి పడింది. మంచాన పడ్డవాళ్లకి పుండు పడటం సహజమే అని ఎవరైనా అంటే ఇక నమ్మకండి. చాలాసార్లు అది జబ్బు వల్ల వచ్చేది కాదు, చూసుకునే మనిషి లేక వచ్చేది.

మనకున్న హక్కులు

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995 నవంబరులోనే తేల్చింది. నర్సింగ్ కూడా ఆ సేవలో భాగమే. 2019లో వచ్చిన కొత్త చట్టం ప్రకారం మీరున్న జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. రెండేళ్లలోపు ఇవ్వాలి. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. 1915 నంబరుకి ఫోన్ చేస్తే ఎలా వెళ్లాలో చెబుతారు.

అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆస్పత్రులకి ఆ చట్టం వర్తించదు. అంతమాత్రాన అక్కడ హక్కు లేదనుకోకండి. సమయానికి అత్యవసర చికిత్స ఇవ్వకపోతే అది జీవించే హక్కుని కాదనడమేనని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది.

జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో 17 హక్కులతో పేషెంట్ల చార్టర్ తయారుచేసింది. అందులో ఆడవాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మగ డాక్టరు పరీక్ష చేసేటప్పుడు మరో స్త్రీ పక్కన ఉండాలి. కేస్ షీట్, రిపోర్టుల కాపీలు అడిగితే ఇవ్వాలి. ఫలానా షాపులోనే మందులు కొనమని బలవంతపెట్టకూడదు. బిల్లు కట్టలేదని మనిషిని గానీ, శవాన్ని గానీ ఆపకూడదు.

'ఇక్కడ సంతకం పెట్టండమ్మా' అని సిస్టర్ కాగితాలు తెచ్చినప్పుడు కంగారు పడకండి. ఢిల్లీలో సమీరా కోహ్లీ అనే ఆవిడ పరీక్ష కోసమని మత్తుమందుకి ఒప్పుకుంటే, ఆమె మత్తులో ఉండగా తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. అప్పటికప్పుడు ప్రాణాపాయం లేనప్పుడు పెద్దదైన మనిషి తరఫున తల్లి సంతకం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మన ఒంటి మీద ఆపరేషన్‌కి మన ఒప్పుకోలే కావాలి, తల్లిది గానీ భర్తది గానీ కాదు.

కాన్పు గదిలో తిట్లూ చెంపదెబ్బలూ తిన్న సంగతి మన అమ్మలు చెబుతుండేవారు, ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. ప్రభుత్వ ఆస్పత్రిలో పురిటి సమయంలో తోడుగా ఓ ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. కాన్పు గదుల్లో గౌరవంగా చూడాలంటూ 2017లో 'లక్ష్య' కార్యక్రమం పెట్టింది. మీ ఇంట్లో పురుడు ఉంటే ఈ మాట ముందే అడగండి.

చేర్చే ముందు అడగాల్సినవి

• పగలు ఎంతమంది, రాత్రి ఎంతమంది నర్సులు ఉంటారు? వాళ్లు నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టరైనవాళ్లేనా?

• నర్సింగ్ చార్జీలు రోజుకెంత? అందులో ఏమేం పనులు వస్తాయి?

• కదల్లేని పేషెంటైతే, పక్కకి తిప్పే వేళలు కేస్ షీట్‌లో రాస్తారా?

• ఇంజెక్షన్ ఇచ్చే ముందు పేషెంటు పేరు, మందు పేరు చెప్పమనండి. 'ఇది దేనికి సిస్టర్?' అని నెమ్మదిగా అడిగితే తప్పేమీ లేదు. మంచి నర్సు విసుక్కోదు.

• చేయి కడుక్కోకుండా గాయం ముట్టుకుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

• ఏదైనా తేడా జరిగితే తేదీ, సమయం రాసి పెట్టుకోండి. సూపరింటెండెంటుకో, యాజమాన్యానికో రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకోండి.

ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సు పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని అని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ఎవరైనా అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ ఊరి మహిళా సంఘం ఈ ఒక్క దరఖాస్తు పెట్టినా చాలు, ఆస్పత్రి అభివృద్ధి కమిటీలో మాట్లాడటానికి ఆధారం దొరుకుతుంది. ప్రైవేటు ఆస్పత్రులు 'ఈ షిఫ్టులో పేషెంట్లు ఇంతమంది, నర్సులు ఇంతమంది' అని వార్డు గుమ్మం దగ్గర బోర్డు పెట్టాలని అడుగుదాం. డాక్టర్ల పేర్లకి అంత పెద్ద బోర్డులు పెట్టేవాళ్లకి ఇదేం కష్టం కాదు.

మా అత్తగారి పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. ఇంట్లో డ్రెస్సింగ్ చేయడం నాకు నేర్పింది ఎవరో తెలుసా? ఆ రాత్రి సెలైన్ ఆపమన్న అమ్మాయే. డిశ్చార్జి రోజున డ్యూటీ అయిపోయాక అరగంట ఆగి, చేతులు ఎలా కడుక్కోవాలో, దూది ఎలా పట్టుకోవాలో, కాలు కదలకుండా ఎలా తిప్పాలో ఓపిగ్గా చూపించింది. "మొదటి రోజే చూపించాల్సిందండీ, తీరిక దొరకలేదు" అని తనే నొచ్చుకుంది. ఆ తీరిక ఆమెకి దొరికేలా చేయమని అడగడం ఆమె పక్షాన మాట్లాడటమే, మన పేషెంటు పక్షాన మాట్లాడటమూ అదే.